వీపు మీద చెయ్యి

పొట్టేలును చూడ్డానికి వచ్చినవాడి మనసులో ఏముందో తెలియాలంటే వాడి నోటివైపు చూడకూడదు, చేతివైపు చూడాలి. ఇది వహీదా బీ సిద్ధాంతం. ఆదోనిలో ఏళ్ళ తరబడి మటన్ కొట్టు నడిపిన యూసుఫ్ సాబ్‌తో కాపురం చేసి, ఆ మాత్రం సిద్ధాంతం కూడా కనిపెట్టకపోతే ఎట్లా? కోసుకు తినేవాడి చెయ్యి తిన్నగా వీపు మీదికి పోతుంది, వెన్నుకు అటూ ఇటూ కండ ఎంతుందో తడుముతుంది. పందేలకు కావలసినవాడి చెయ్యి నుదుటి మీద పడుతుంది. పండగకు కావలసినవాడు, అది బక్రీదైనా ఊరి జాతరైనా, కింది పెదవి లాగి పళ్ళు చూస్తాడు. పెంచుకోవాలనుకునేవాడు మాత్రం గడ్డం కింద గోకుతాడు. అదెట్లా తెలుసని అడిగితే వహీదా బీ దగ్గర ఒకటే జవాబు. తను ఎప్పుడూ గోకేది అక్కడే కదా!

ఈ పరీక్షలన్నీ మున్నా కోసం. కొట్టుకు తెచ్చిన మందలో ఒక గొర్రె పెరట్లోనే ఈని, ఈనిన పూటే చచ్చిపోయింది. ఇంకా తడి ఆరని పిల్లను తెచ్చి యూసుఫ్ సాబ్ భార్య ఒళ్ళో పెట్టాడు. "ఇది కొట్టుది కాదు, నీది" అన్నాడు. అంతే, మళ్ళీ దాని గురించి నోరెత్తలేదు. వహీదా బీ కూతురి చిన్నప్పటి పాలసీసా వెతికి తీసి దాన్ని పెంచింది. ఇప్పుడది కొమ్ములు మెలితిరిగిన పొట్టేలు. బండలు పరిచిన సందులో పుట్టి పెరిగింది కాబట్టి పొలం ఎట్లా ఉంటుందో దానికి తెలియదు. బొరుగుల బండి ఏ వేళకు వస్తుందో మాత్రం బాగా తెలుసు. ఆటో వచ్చి చెవి పక్కన హారన్ కొట్టినా సందు మధ్యలోంచి కదలదు. ఆటోవాడే దిగి, "జరుగు స్వామీ" అని పక్కకు నెట్టుకుని పోవాలి.

అట్లాంటి మున్నాకు ఇప్పుడు ఇల్లు వెతకాల్సి వచ్చింది. ఎమ్మిగనూరులో కూతురు షాహిస్తాకు బిడ్డ పుట్టింది. ఆమె మళ్ళీ బడికి పాఠాలు చెప్పడానికి పోవాలి, అల్లుడు ఉమేర్‌కు సెల్‌ఫోన్ల అంగడి. మీరిద్దరూ ఇక్కడికే వచ్చేయండి అమ్మీ అని షాహిస్తా రోజూ ఫోన్లో పోరు. మనవరాలిని ఎత్తుకోవాలని వహీదా బీకీ చేతులు తహతహలాడుతున్నాయి. యూసుఫ్ సాబ్ ఎప్పుడో కొట్టు తమ్ముడి కొడుక్కి అప్పగించేశాడు. అంతా బాగానే ఉంది కానీ షాహిస్తా వాళ్ళది మేడమీద అద్దె ఇల్లు. కింద ఉండే ఇంటామె భారతి మంచి మనిషే. "మీ అమ్మా నాయనా వస్తే నాకూ తోడుంటారు. పొట్టేలు వస్తే మాత్రం నా పూలకుండీలకు నువ్వు పూచీ ఉంటావా?" అని ఒక్క ప్రశ్న అడిగింది. మున్నా సంగతి తెలిసిన షాహిస్తా ఆ పూచీ తీసుకోలేదు.

పైగా బక్రీదు దగ్గరపడుతోంది. ఊళ్ళో ప్రతివాడి కన్నూ పొట్టేళ్ళ మీదే.

మొదట వచ్చినవాడు శేషప్ప. బస్టాండు దగ్గర మెస్ నడుపుతాడు. "మా పిల్లోళ్ళు ఆడుకుంటారు బూబమ్మా, రాజా మాదిరి పెట్టుకుంటాం" అని నోరు చెబుతూనే ఉంది, చెయ్యి మాత్రం మున్నా నడుం మీద రెండు వేళ్ళతో నొక్కి చూస్తోంది.

"రాజా మాదిరి యాడ పెడతావప్పా, తపేలాలోనా?" అని వహీదా బీ తాడు లాక్కుంది.

తర్వాత నాగేంద్ర అనే పందేలరాయుడు వచ్చి, కొబ్బరికాయను చూసినట్టు మున్నా నుదుటి మీద వేలి కణుపులతో కొట్టి చూశాడు. వాడిని వాకిట్లోంచే పంపించింది. ఒక మొగుడూ పెళ్ళాం వచ్చి ఇద్దరూ కలిసి పెదవి లాగారు. వాళ్ళకు టీ అయితే ఇచ్చింది కానీ పొట్టేలును ఇవ్వలేదు.

ఆ తర్వాత హులిగెమ్మ వచ్చింది. ఊరు కైరుప్పల. గొర్రెలకు మందు కోసం ఆదోని పశువుల ఆసుపత్రికి వచ్చి, ఇక్కడ పొట్టేలును ఇస్తారట అని అక్కడెవరో అంటే వెతుక్కుంటూ వచ్చింది. ఎండకు తలమీద కొంగు, చేతిలో మందుసీసా. ఎక్కువ మాటలు లేవు. సీసా గట్టు మీద పెట్టి, మున్నా దగ్గరికి పోయి, అరచెయ్యి మెడ మీద ఆనించి తోకదాకా మెల్లగా దువ్వింది.

వీపు! వహీదా బీకి ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. తాడు చటుక్కున లాగేసింది.

"ఇది ఇచ్చేది కాదమ్మా."

"ఇస్తారని ఆసుపత్రికాడ సెప్పినారే?"

"మనసు మారింది."

హులిగెమ్మ ఆమెను ఒకసారి, మూతికి బొరుగులు అంటిన పొట్టేలును ఒకసారి చూసింది. ఏదో చెప్పబోయి మానుకుంది. "సరే పో తల్లీ. బొరుగులు తగ్గించి పచ్చిమేత ఎయ్యి, కడుపు ఉబ్బుకోనుంది" అని సీసా తీసుకుని వచ్చిన దారినే పోయింది.

"చూసినారా, నిలబడినచోటే తూకం కూడా వేసేసింది!" అని వహీదా బీ లోపలికి కేకేసింది. లోపల పేపరు చదువుతున్న యూసుఫ్ సాబ్ "ఊఁ" అన్నాడు. మున్నాను ఇచ్చే మాట వచ్చినప్పుడల్లా ఆయనకు పేపర్లో మంచి వార్తలు దొరుకుతాయి.

ఆ తర్వాత ఏం జరిగిందో కానీ, ఆదోని జనం ఉన్నట్టుండి మంచివాళ్ళైపోయారు. వచ్చిన ప్రతివాడూ తిన్నగా పోయి మున్నా గడ్డం కింద గోకడమే. ఒకాయనైతే ఇంకా చెప్పులైనా విప్పకుండా గోకాడు. మున్నాకు ఒక్కసారిగా ఇంత వైభోగం పట్టేసరికి అది మెడ చాపి కళ్ళు మూసుకుని నిలబడేది. వహీదా బీ మురిసిపోయింది. లోకంలో ఇంత దయ ఉందా అని ఆమెకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి. ఆ నీళ్ళు దండగని అప్పటికి తెలియదు.

అందరిలోకీ ఆమెకు నచ్చినవాడు మధు. ఎమ్మిగనూరు కుర్రాడు. ఒక చేత్తో గోకుతూ, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని వీడియో తీసుకున్నాడు. "ఆంటీ, వీడు నా తమ్ముడే" అన్నాడు. ఇంత తీపిగా మాట్లాడినవాడు అదివరకు రాలేదు. అయినా ఆడపిల్లను ఇచ్చేటప్పుడు చూసినట్టు ఇల్లు చూడకుండా వహీదా బీ మాట ఇస్తుందా? మనవరాలిని చూడబోయినప్పుడు అల్లుడిని వెంటపెట్టుకుని మధు ఇంటికీ పోయింది.

ఇల్లు శుభ్రంగానే ఉంది. పెరట్లో మాత్రం ఒక ఖాళీ కుందేళ్ళ బోను, నీళ్ళులేని చేపల తొట్టి, తలుపు ఊడిన పావురాల గూడు వరసగా ఉన్నాయి.

"ఇవన్నీ యాడికి పోయినాయమ్మా?" అని మధు తల్లిని అడిగింది.

ఆ తల్లికి దాపరికం తెలియదు. "యాడికి పోతాయక్కా, కొన్నాళ్ళు ముచ్చట పడతాడు, వీడియోలు తీసుకుంటాడు, ఆపైన ఎవురికో ఒకరికి ఇచ్చేస్తాడు. మీ పొట్టేలునన్నా నిలబెట్టుకుంటాడేమో సూద్దాం" అని నవ్వి, టీ తెచ్చింది. వహీదా బీ ఆ టీ తాగి, ఆ పెరటికి ఒక దండం పెట్టుకుని వచ్చేసింది.

సిద్ధాంతం ఎక్కడ బెడిసికొట్టిందో మర్నాడు తెలిసింది. శేషప్ప మళ్ళీ వచ్చాడు, అదే మెస్ శేషప్ప. ఈసారి నడుం జోలికి పోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, మెడ పక్కకు వాల్చి, మున్నా గడ్డం కింద చంటిబిడ్డను బుజ్జగించినట్టు గోకసాగాడు.

వహీదా బీ చాలాసేపు చూసింది. "శేషప్పా, అక్కడ గోకమని ఎవరు చెప్పినారు?"

"ఎవురేంది బూబమ్మా, సాబే కదా! టీ అంగట్లో అందరి ముందరా సెప్పినాడు. వీపు ముడితే మా ఆమె ఇయ్యదు, గడ్డం గోకితేనే ఇస్తుందని." అనేశాక తానేమన్నాడో శేషప్పకు అర్థమైంది. చెయ్యి మాత్రం ఇంకా గోకుతూనే ఉంది.

ఆ పూట యూసుఫ్ సాబ్‌కు పేపరు అడ్డం రాలేదు.

"నీ తెలివి గురించి నలుగురికీ చెప్పుకోవాలనిపించింది బేగం" అన్నాడు, తప్పు చేసిన మొహంతో. "అందరూ ఏమన్నారో తెలుసా? పోలీసోళ్ళకు కూడా ఇంత తెలివి ఉండదు సాబూ అన్నారు."

"ఏమి తెలివి! ఊరంతా ఇప్పుడు గోకేవాళ్ళే. నా మున్నాను ఎవడి చేతిలో పెట్టేది?"

కోపంలో కూడా, పోలీసోళ్ళ మాట కాస్త బాగానే తగిలిందని దాచడం ఎందుకు? కానీ భయం నిజమైనది. వచ్చే వారం ఇల్లు ఖాళీ చేయాలి. అంతదాకా ఎవరూ దొరక్కపోతే కొట్టు దగ్గర కట్టేయండి పెద్దమ్మా, నేను చూసుకుంటా అని మరిది కొడుకు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ కొట్టు దగ్గర అన్న మాటకు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. ఈ మధ్య వహీదా బీకి ముద్ద దిగడం లేదు. కంచంలో సగం అట్లాగే తెచ్చి మున్నా ముందు పెడుతోంది. అది తింటుంటే, ఈ మూతికి రేపు ఎవరు పెడతారో అని గుండె బరువెక్కుతోంది.

అట్లా పెడుతున్నప్పుడే ఆమెకు ఒక ఆలోచన తట్టింది. శేషప్ప తిరిగి వచ్చాడు, గోకాడు. ఆ వెనకే నాగేంద్ర తిరిగి వచ్చాడు, గోకాడు. పెదవి లాగిన మొగుడూ పెళ్ళాం కూడా వచ్చారు, ఇద్దరూ చెరోవైపు గోకారు. వద్దని పంపించినవాళ్ళలో అబద్ధం చెప్పడానికి మళ్ళీ రాని మనిషి ఒక్కతే ఉంది. పోతూ పోతూ, తనకు దక్కని పొట్టేలుకు పచ్చిమేత వేయమని చెప్పిపోయింది.

"కైరుప్పలకు పోదాం" అంది.

"ఆ ఊరికా? ఉగాది అయినాక పిడకలతో కొట్టుకుంటారే, ఆ ఊరికేనా?" అన్నాడు యూసుఫ్ సాబ్.

"టీ అంగట్లో రహస్యాలు చెప్పేవాళ్ళకు నాలుగు పిడకలు పడినా తప్పు లేదు. లేవండి."

ఎదురింటి హుసేనప్ప ఆటో మాట్లాడుకున్నారు. మున్నాను ఇంట్లో వదలడానికి ఆమెకు ధైర్యం చాల్లేదు, దాన్నీ ఎక్కించారు. ఆస్పరి రోడ్డు పొడుగునా అది తల బయటపెట్టి, ఎదురొచ్చే ప్రతి బస్సునూ తీరిగ్గా చూస్తూ ప్రయాణం చేసింది. దాన్ని అటూ ఇటూ పడకుండా పట్టుకుని యూసుఫ్ సాబ్ చెమటలు కక్కాడు.

పొద్దు వాలుతుండగా, ఊరు ఇంకా కాస్త దూరం ఉందనగా, రోడ్డు మీద గోల వినిపించింది. ఒక గొర్రెల మంద రోడ్డు దాటాలి, దాటలేకపోతోంది. అవతల పక్క దొడ్డి కనిపిస్తూనే ఉంది. కానీ లారీ వచ్చి హారన్ కొట్టినప్పుడల్లా గొర్రెలు బెదిరి, వెనక్కి మళ్ళి, సగం కంపల్లోకి, సగం చేలల్లోకి పరిగెత్తుతున్నాయి. వాటి వెనక కర్ర పట్టుకుని, గొంతు బొంగురుపోయేలా అరుస్తున్న మనిషి హులిగెమ్మ.

వహీదా బీ ఆటో దిగింది. మున్నా తాడు ఆమె చేతిలోనే ఉంది. ఏం చేయాలో ఆలోచించలేదు. మార్కెట్ సందు దాటినట్టు రోడ్డు దాటడం మొదలుపెట్టింది. మున్నా ఆమె పక్కనే నడిచింది. లారీ డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయకుండా కొట్టాడు. మున్నా రోడ్డు మధ్యలో ఆగి, నెమరు వేస్తూ లారీ వైపు చూసింది. డ్రైవర్‌కు బ్రేకు వేయక తప్పలేదు. "జరుగు స్వామీ" అని కిటికీలోంచి అతనూ అన్నాడు. ఈలోపు ఒక గొర్రె మున్నా వెనక వచ్చింది. దాని వెనక ఇంకొకటి, ఆపైన కంపల్లోవీ చేలల్లోవీ అన్నీ బిలబిలమంటూ దాటేశాయి. మున్నాకు ఇదంతా ఏమీ పట్టలేదు. అవతలికి పోయి అక్కడున్న గడ్డిని వాసన చూసి, ఇదేమిటన్నట్టు వహీదా బీ వైపు తిరిగింది.

హులిగెమ్మ రొప్పుతూ వచ్చింది. ఆమెను గుర్తుపట్టి, కొంగుతో మొహం తుడుచుకుని నవ్వింది.

"దీనికే బూబమ్మా, ఆ పొద్దు నేను వచ్చింది. ముందు నడిచే పొట్టేలు ముసలిదైపోయి చచ్చిపోయినాక మంద అంతా ఇట్లనే బెదుర్తాంది. మొన్న లారీ కింద రెండు పోయినాయి. పట్నంలో పెరిగిన పొట్టేలైతే హారన్‌కు బెదరదు, దాని యెనక ఇవీ నడుస్తాయని ఆశపడి వచ్చినా."

"ఆ మాట ఆ రోజే చెప్పరాదా?"

"సెప్పనిస్తే కదా. నేను నోరు తెరిసేలోపల నువ్వు తాడు లాగేస్తివి."

యూసుఫ్ సాబ్ వెనక దగ్గాడు. వహీదా బీ ఆయన వైపు తిరగలేదు.

గొర్రెలు దొడ్డిలోకి పోతున్నాయి. హులిగెమ్మ గుమ్మం దగ్గర నిలబడి, ఒక్కొక్కటీ లోపలికి పోతుంటే దాని వీపు మీద చెయ్యి వేస్తోంది. మెడనుంచి తోకదాకా, ఒక్కదాన్నీ విడవకుండా. ఒకదాన్ని ఆపి, "ఏమే, ఈ పొద్దు ఏమీ మేయల్యా నువ్వు?" అని పక్కకు కట్టి, దాని ముందు పిడికెడు తవుడు పెట్టింది. చిట్టచివర ఒక ముసలి గొర్రె కుంటుతూ వచ్చింది. పళ్ళు ఊడి, ఉన్ని రాలి, ఏ సంతలోనూ ఎవరూ కన్నెత్తి చూడని గొర్రె. హులిగెమ్మ చెయ్యి దాని వీపు మీద మిగతావాటి కంటే ఎక్కువసేపు ఆగింది. దానికి నానబెట్టిన తవుడు వేరే గిన్నెలో ఉంది.

వహీదా బీ దడిని పట్టుకుని అదంతా చూస్తూ నిలబడిపోయింది. వీపు మీద పడిన చెయ్యి ఒకటే అడుగుతోంది, తిన్నావా అని. ఇంతకాలం ఆమె ఎరిగిన చేతులన్నీ కొట్టు దగ్గరివి. ఆ చేతులతోనే ఈ చేతినీ కొలిచి వాకిట్లోంచి పంపించేసింది. సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి.

అయినా అడగాల్సింది అడగకుండా ఉంటే ఆమె వహీదా బీ ఎట్లా అవుతుంది?

"హులిగెమ్మా, నీళ్ళు నమలకుండా చెప్పు. దీన్ని అమ్మవు కదా? కోయవు కదా?"

హులిగెమ్మ కర్ర దడికి ఆనించింది. "గొర్రెల్ని అమ్ముకోనే బతుకుతాండాను బూబమ్మా, ల్యాదని నీకు అబద్ధం సెప్పను. నీ మొగుడి మాదిరోళ్ళే వచ్చి తోలుకపోతారు. కానీ ముందు నడిసేదాన్ని ఎవురన్నా అమ్ముకుంటారా? అది పోతే మంద పోయినట్టే. ముసలిదై నడవలేకపోయినా ఈడనే ఉంటుంది, ఇదో, దీని మాదిరి." ముసలి గొర్రె చెవి పట్టుకుని చూపించింది. "నువ్వు ఎప్పుడొచ్చినా సూసుకో. సెప్పి రావాల్సిన పని కూడా ల్యాదు."

అంటూ మున్నా దగ్గరికి వచ్చి వీపు దువ్వింది. మున్నా ఈసారి గడ్డం చాపలేదు. ఆ చేతి కింద వీపు కాస్త వంచి నిలబడింది. "ఇంకా ఉబ్బుకోనే ఉంది. నాలుగు దినాలు పచ్చికలో తిరిగితే సరిపోతాది" అంది హులిగెమ్మ.

ఆ పక్కనే వహీదా బీ ఉంది. మున్నాను తాకిన చెయ్యే అలవాటుకొద్దీ ఆమె మీదికీ వచ్చింది. మెడ కిందనుంచి నడుందాకా ఆ గరుకు అరచెయ్యి రవిక మీదుగా మెల్లగా దిగింది.

"ఏంది తల్లీ, ఎముకలు తగుల్తాండాయి? ఈ పొట్టేలు దిగులుతో నువ్వు మేత మానేసినావా?"

ఎవరైనా తనను ఈ మాట అడిగి ఎన్నాళ్ళయిందో వహీదా బీకి గుర్తు రాలేదు. నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, మళ్ళీ నవ్వు వచ్చింది. ఈసారి నీళ్ళు దండగ కాలేదు. చేతికి చుట్టుకున్న తాడు విప్పి, ఇంకో మాట అడక్కుండా హులిగెమ్మ చేతిలో పెట్టేసింది.

హులిగెమ్మ తాడును గుంజకు కట్టి, వాళ్ళను అరుగు మీద కూర్చోబెట్టింది. జొన్నరొట్టె, శనగపొడి, ఉల్లిగడ్డ తెచ్చి ఇచ్చింది. యూసుఫ్ సాబ్ తింటూ, ఈ సంగతంతా టీ అంగట్లో ఎక్కడినుంచి మొదలుపెట్టి చెప్పాలా అని అప్పుడే ఆలోచిస్తున్నాడు. దొడ్డి లోపల మున్నా చుట్టూ గొర్రెలు మూగి, ఈ పట్నంవాడిని వాసన చూస్తున్నాయి.

వహీదా బీ రొట్టె మొత్తం తింది. సగం విరిచి పక్కన పెట్టబోయిన చెయ్యి, పెట్టాల్సిన అవసరం లేదని గుర్తొచ్చి ఆగింది.

"ఇంకొకటి ఉంటే వెయ్యి హులిగెమ్మా" అంది.